పన్ను కట్టని పొట్టేలు

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద పాంప్లెట్లు పంచేవాడికి చేతుల కంటే ముందు కళ్లు కావాలి. ఎదురొచ్చే మనిషి మొహం చూసి లాభం లేదు. అమీర్‌పేటలో అందరివీ ఒకటే మొహాలు, అప్పుడే పరీక్ష రాసి బయటికొచ్చిన మొహాలు. చూడాల్సింది కాళ్లకేసి. బూట్లు కొత్తవీ బ్యాగు పాతదీ అయితే ఉద్యోగం వెతుక్కుంటున్నవాడు. కంప్యూటర్ కోర్సు కాగితం వాడిది. బూట్లు పాతబడి బ్యాగు కొత్తదైతే ఉద్యోగం దొరికినవాడు. వాడికి హాస్టల్ మాన్పించే ఫ్లాట్ల కాగితం. చెప్పులేసుకుని, ఎండ లేకపోయినా గొడుగు పట్టుకుని, లిఫ్టు ఎక్కడని అడిగే పెద్దాయనకు మోకాళ్ల నూనె. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక ఎవరి దారిన వాళ్లం పోయాం. బడి ఇంకా అక్కడే ఉంది. నేనే కాస్త ముందుకొచ్చాను, మెట్రో దాకా.

ఆ ఏడు ఆషాఢానికి కొంచెం ముందు, పంజాగుట్టలో కొత్తగా ఆఫీసు తెరిచిన ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఉక్కపోతకు ఊరంతా చొక్కా బొత్తాలు విప్పుకుని తిరుగుతుంటే ఆయన కోటు వేసుకున్నాడు. అంత ఉక్కలోనూ కోటు విప్పని మనిషంటే నాకు గౌరవం, వెంటనే కాస్త అనుమానం కూడా. పేరు చెప్పాడు గానీ నాకు కోటే గుర్తుండిపోయింది. కాబట్టి ఇక్కడ ఆయన కోటాయనే.

కోటాయన నా చేతిలో పెట్టిన కాగితం మీద పచ్చటి గడ్డి, గడ్డిలో ఒక పొట్టేలు, పొట్టేలు పక్కన టై కట్టుకున్న మనిషి. ఇద్దరూ నవ్వుతున్నారు. పైన లావు అక్షరాల్లో ఇలా ఉంది: ‘గొర్రెలు మేస్తాయి. మీ సొమ్ము పెరుగుతుంది. పన్ను సున్నా.’

ఇది ఏ బూట్లకు ఇవ్వాలో నాకు తోచలేదు.

“అన్నా, గిది ఎవలికియ్యాలె? గొర్లు కాసేటోళ్లకా?”

“గొర్రెలున్నవాళ్లకు కాదు తమ్ముడూ, జీతాలున్నవాళ్లకు. మార్చి నెల వస్తే ఏడ్చేవాళ్లుంటారు చూడు, వాళ్లకు.”

తర్వాత నన్ను బండి దగ్గర నిలబెట్టి చాయ్ తాగిస్తూ విషయం విడమరిచాడు. కొందరు కలిసి ఒక భాగస్వామ్యం పెట్టుకుంటారు. వాళ్ల సొమ్ముతో కంపెనీ గొర్రెలు కొంటుంది, మేపుతుంది, సూదులు వేయిస్తుంది. ప్రతి భాగస్వామ్యానికీ సొంతంగా ఒక మేలుజాతి విత్తనపు పొట్టేలు. అది తన పని తాను చేసుకుపోతుంది, పిల్లలు పుడతాయి, మంద పెరుగుతుంది. సొమ్ము పెట్టినాయన అమీర్‌పేటలో ఫ్యాను కింద కూర్చునే రైతయిపోతాడు. రైతుకు పన్ను లేదు. పైగా మేత ఖర్చు రాసుకోవచ్చు. గొర్రె ముసలిదవుతుంటే తరుగుదల కూడా రాసుకోవచ్చు.

“మా తాత ముసలోడైతుంటే ఎవ్వడేం రాసుకోలే గదన్నా!” అన్నాను.

“మీ తాతగారు ఏం చేసేవారు?”

“గొర్లు కాసేటోడు.”

అంతే. కోటాయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ క్షణం నుంచి నేను ఆ కంపెనీకి పశుపోషణ సలహాదారును. మా తాత గొర్రెలు మేపిన మాట నిజమే. నేను మాత్రం పుట్టింది బల్కంపేటలో, పెరిగింది సనత్‌నగర్ వర్క్‌షాపుల మధ్య. గొర్రెతో నాకున్న పరిచయమంతా ఆదివారం మధ్యాహ్నం పళ్లెంలోనే. అది కూడా ఒక్కోసారి మేకేమోనన్న అనుమానంతో. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు ఆయన “రక్తంలో ఉంటుంది తమ్ముడూ, రక్తంలో!” అన్నాడు. రక్తంలో ఉన్నదాన్ని నేనెందుకు కాదనాలి?

ఇక మా సార్ సంగతి.

అమీర్‌పేటలో వెనకవైపు గల్లీలో, సెల్లార్ ఉన్న ఒక బిల్డింగు డాబా మీద గది నాది. కింద ఇల్లు సార్‌ది, వాళ్లావిడది. ఇద్దరూ కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ పాతుకుపోయినవాళ్లు. సార్ బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మంచి మనిషి, చెయ్యి ఎముక లేనిది. ఆకలని వెళితే పెసరట్టు పెట్టించకుండా పంపరు. ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని కదపకూడదు. ఇన్‌కమ్ ట్యాక్స్ అన్న మాట వినపడిందా, మెడ మీద నరం లేస్తుంది. దొంగ జేబు కొడితే ఊరుకుంటారు గానీ ప్రభుత్వం చెప్పి తీసుకుంటే ఓర్చుకోలేరు. డాబా మీద కుండీల్లో నాలుగు వంకాయలు కాస్తే ఆడిటర్‌కు ఫోన్ చేసి, “ఏంటండీ, ఇప్పుడు నేను రైతునా, కాదా?” అని అడిగిన ఘనుడాయన. ఆడిటర్ ఏమన్నాడో తెలియదు గానీ ఆ వారమంతా ఇంట్లో వంకాయ కూర లేదు.

అలాంటి మనిషి గుమ్మంలో, ఉతకడానికి విప్పిన నా చొక్కా జేబులోంచి ఆ పాంప్లెట్ జారి పడింది. నేను ఆయనకు ఇవ్వలేదని ప్రమాణం చేసి చెబుతాను. బూట్లు చూసి ఇచ్చేవాణ్ని నేను. ఇంట్లో సార్‌కు బూట్లే ఉండవు.

సాయంత్రానికి ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదువుతున్నారు.

“ఏంటోయ్, ఈ కంపెనీ నీకు తెలుసా?”

“తెల్సు సార్. నేను అండ్ల సలహాదారుని.”

“నువ్వా!” అని పగలబడి నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “మరి గొర్రె ఏడాదికి ఎన్ని ఈతలు ఈనుతుంది?”

“దాని ఇష్టం సార్.”

నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నారు. మర్నాడు పొద్దున్నే పంజాగుట్ట ఆఫీసులో ఉన్నారు.

కోటాయన ఆయనకు వీడియో చూపించాడు. కొండ మీంచి దిగుతున్న గొర్రెల మంద, దుమ్ము, వెనక సన్నాయి. తర్వాత కిందకు, సెల్లార్‌లో కార్ల పక్కన కట్టేసిన పొట్టేలు దగ్గరకు తీసుకెళ్లాడు. నిజం చెప్పొద్దూ, రాజసమంటే దానిదే. నెల్లూరు జాతి, ఎత్తయిన కాళ్లు, తెల్లటి ఒళ్లు, మెలి తిరిగిన కొమ్ములు, ఎడమ చెవి మీద అరచేయంత నల్లమచ్చ. ఎవరొచ్చినా లేవదు. వచ్చినవాళ్లను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి నెమరు వేసుకుంటూ మొహం తిప్పుకుంటుంది. దానికి చైర్మన్ అని పేరు పెట్టింది నేనే. “ఇది మీ భాగస్వామ్యం పొట్టేలు సార్, అచ్చంగా మీది” అన్నాడు కోటాయన. సార్ దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని, అక్కడికక్కడే కొంత బయానా ఇచ్చి వచ్చారు.

మిగతా సొమ్ము ఎక్కడిదో చెప్పాలి. రిటైరైనప్పుడు వచ్చిందంతా సార్ బ్యాంకులో డిపాజిట్ చేశారు. దాని గడువు సరిగ్గా ఆ ఆషాఢంలో తీరుతోంది. ఆ మొత్తం తీసి గొర్రెల్లో పెట్టాలని ఆయన సంకల్పం. పాత ఆడిటర్, గొర్రెల పెంపకం ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల లెక్కలో వ్యవసాయం కాదండీ అని చెప్పి చూశాడు. సార్ ఆడిటర్‌ని మార్చేశారు.

ఆ రోజు అమ్మ (వాళ్లావిడను నేను అమ్మా అనే పిలుస్తాను) పెసరట్టు పెట్టారు గానీ అల్లం పచ్చడి వెయ్యలేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని.

“నాయనా, ఆ డబ్బు మా ఇద్దరి ముసలితనం. అది తప్ప మాకింకేం లేదు” అన్నారు. గొంతు పెంచలేదు. “కాగితం తెచ్చింది నువ్వు. ఆపాల్సిందీ నువ్వే.”

“అమ్మా, సార్ నా మాట వింటరా?”

“నా మాట వినరు. నీ మాటకు నవ్వుతారు. నవ్వేవాళ్లు ఎప్పటికైనా వింటారు.”

పచ్చడి లేని పెసరట్టు ముక్క మిగల్చకుండా తిని లేచాను. ఆ రోజు నుంచి నేను సార్‌ను నవ్వించే పనిలో పడ్డాను. “సార్, గొర్రెకు దగ్గొస్తే డాక్టర్ బిల్లు ఎవల పేరు మీద రాస్తరు?” “కంపెనీ చూసుకుంటుందోయ్.” “సార్, పొట్టేలు సుత రిటైరైతదా? పెన్షన్ ఇయ్యాల్నా?” “ఛీ, పోరా!” “సార్, మీ గొర్లు పక్కోడి పొట్టేలుతోటి పోతే పుట్టిన పిల్లలు ఏ భాగస్వామ్యం కింద వస్తయి?” దీనికి మాత్రం ఆయన కాసేపు ఆలోచించి, అడుగుతాననేసి, కాగితం మీద రాసుకున్నారు. నవ్వడమైతే బాగానే నవ్వారు. వినడమే లేదు.

ఇంతలో కోటాయన భాగస్వాములందరికీ పంజాగుట్టలో హోటల్ హాలు మాట్లాడాడు. ఆదివారం పగలు సభ, భోజనాలు, సొమ్ము అప్పగింతలు. వేదిక మీద చైర్మన్ దర్శనం. సెల్లార్ నుంచి సనత్‌నగర్‌లో ఎవరిదో షెడ్డుకు మార్చిన పొట్టేలును ట్రాలీ ఆటోలో తీసుకురావాలి. తాడు పట్టుకుని వేదిక ఎక్కే గౌరవం సలహాదారుది.

“అన్నా, గా ఆదివారం మా దిక్కు బోనాలు” అన్నాను.

“అయితే ఇంకా మంచిది! అందరికీ ఖాళీ కదా, అందరూ వస్తారు.”

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవాళ్లలో రెండు రకాలు. బోనాల ఆదివారం ఇంట్లోంచి కదలనివాళ్లు ఒకరు. ఇంకా ఒక్క బోనాల ఆదివారం కూడా చూడనివాళ్లు ఇంకొకరు. కోటాయన రెండో రకం. అది నాకు అర్థమైంది గానీ చెప్పలేదు. సలహాదారును కదా, అడిగితే చెప్పేవాణ్ని.

ఆదివారం పొద్దున సార్ తయారై కిందికొస్తే నేను గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పంచె, భుజాన కండువా, తలకు పాగా, చేతిలో కర్ర. ఆయన జన్మలో పొలం గట్టు ఎక్కలేదు.

“ఏంటోయ్ చూస్తావ్? రైతంటే రైతులా ఉండాలి. రేపు ఆఫీసరు అడిగితే ఫొటో చూపించొద్దూ?”

“మస్తుగున్నరు సార్. ఒక్క నాగలి తక్కువ.”

ఆయనకు తన పొట్టేలుతో కలిసి హాల్లోకి నడవాలని కోరిక. అందుకని నాతోపాటు సనత్‌నగర్ బయలుదేరారు. అమ్మ కూడా, దారిలో ఎల్లమ్మకు దండం పెట్టుకుంటానని మాతో ఆటో ఎక్కారు. చంకలో సంచి. ఆ సంచిలో బ్యాంకు చెక్కు పుస్తకం. సార్ ఇవ్వమన్నా ఇవ్వలేదు, నేనే మోస్తానన్నారు. దారి పొడుగునా ఆ సంచి మీది చెయ్యి తియ్యలేదు.

షెడ్డు దగ్గర చైర్మన్‌ను చూసి తాడు అందుకోబోయినవాణ్ని ఆగిపోయాను. వేదిక మీద మెరిసిపోవాలని కోటాయన దాన్ని ముస్తాబు చేయించాడు. ఒళ్లంతా కడిగి, కొమ్ములకు పసుపు రంగు పూసి, మెడలో బంతిపూల దండ వేసి, నుదుట ఎర్రటి బొట్టు పెట్టించాడు. ఆయన ఊళ్లో దీని అర్థం ఏమిటో నాకు తెలియదు. బోనాల నాడు బల్కంపేటలో దీని అర్థం మాత్రం ఒక్కటే.

ట్రాలీ ఆటో బల్కంపేట మొదట్లోనే ఆగిపోయింది. పోలీసులు అడ్డంగా కట్టిన కర్రల అవతల రోడ్డు లేదు, తలలే ఉన్నాయి. తలల మీద బోనాలు, బోనాల మీద దీపాలు. డప్పులు కొడుతుంటే కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి. కోటాయనకు ఫోన్ చేశాను.

“నడిపించుకుంటూ వచ్చెయ్ తమ్ముడూ! ఎంతసేపు?”

సరే, దింపాను. ముందు తాడు పట్టుకుని నేను, పక్కన పాగా చుట్టుకుని సార్, వెనక సంచి పట్టుకుని అమ్మ, మధ్యలో దండ వేసుకున్న చైర్మన్. మా ఊరేగింపును చూసి జనం పక్కకు తప్పుకుని దండాలు పెట్టడం మొదలుపెట్టారు. సార్‌కు మహా సంతోషమేసింది.

“చూశావటోయ్, రైతంటే ఎంత మర్యాదో!”

“మీకు కాదు సార్, దానికి.”

ఎవరో వేపమండ తెచ్చి దాని కొమ్ముకు కట్టారు. ఇంకెవరో గుగ్గిలం పొగ వేశారు. చైర్మన్ తుమ్మింది. పోతురాజు వేషం కట్టినాయన కొరడా ఝళిపిస్తూ మా ముందు గిరగిరా తిరిగాడు. ఎగరకుండా నా కాళ్లు ఆగలేదు. చేతిలో తాడుంటే ఏమైంది? సార్ కర్ర కూడా తాళం వేస్తోంది. అమ్మ ఆయన కండువా లాగి “ఏంటండీ ఇది!” అన్నారు గానీ ఆవిడ తల కూడా ఊగుతోంది.

అప్పుడు ఒక పెద్దమ్మ మా దారికి అడ్డంగా నిలబడింది. నుదుట రూపాయంత బొట్టు, నెత్తిన బోనం, చేత్తో పట్టుకోకుండానే నిలిచింది. ఆ గల్లీలో అమ్మవారి ముందు ఎవరి యాట, అంటే బలిపొట్టేలు, ముందు, ఎవరిది వెనక అన్నది ఆమె మాట మీదే నడుస్తుంది.

“అబ్బ, ఎంత సక్కగున్నదే యాట! తేండ్రి బిడ్డా, పసుపునీళ్లు తేండ్రి.”

తెలియనివాళ్లకు చెప్పాలి. అమ్మవారికి ఇచ్చే యాట మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిల్చిందా, అమ్మ ఒప్పుకున్నట్టు. ఇక ఆ యాటను వెనక్కి తీసుకుపోయే మొనగాడు లేడు. విదిల్చేదాకా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. చైర్మన్ సంగతి నాకు తెలుసు, ఈగ వాలినా విదిలిస్తుంది.

చెంబు వచ్చింది. సరిగ్గా అప్పుడే, పంజాగుట్ట వైపు నుంచి జనాన్ని చీల్చుకుంటూ, కోటుతో సహా చెమటలో ఈదుతూ కోటాయన వచ్చిపడ్డాడు. ఎంతకీ రాకపోయేసరికి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆ నీళ్లు పడితే ఏమవుతుందో దారిలో ఎవరో చెప్పే ఉంటారు. ఆయన వెనకే హాల్లో కూర్చోబెట్టిన భాగస్వాములు కొందరు, చైర్మన్‌ను ఎదురెళ్లి తెచ్చుకోవాలని.

“నీళ్లొద్దు! నీళ్లొద్దు! ఇది ఆ పొట్టేలు కాదమ్మా!”

పెద్దమ్మ చెంబు ఎత్తిన చెయ్యి దించకుండా ఆయన్ని చూసింది. “ఏ పొట్టేలు కాదు? దండేసిన్రు, బొట్టు వెట్టిన్రు, అమ్మ గల్లీకి తోల్కొచ్చిన్రు. ఎవలింటి యాట గిది? ఇంటోళ్లు ముంగటికొచ్చి తాడు వట్టుండ్రి, ఇంటిపేరు చెప్పుండ్రి. ఇంటిపేరు చెప్పంగనే నీళ్లు వోస్త.”

అదీ పద్ధతి. యాట ఎవరిదో ఆ ఇంటాయన తాడు పట్టుకుని, ఇంటిపేరు చెప్పి, అమ్మా తీసుకో తల్లీ అనాలి. ఊరికే పోసేసే నీళ్లు కావు అవి.

సార్ గుండె విరుచుకుని ముందుకొచ్చారు. ఇన్నేళ్లూ బోనాలకు గుమ్మం దాటని మనిషి, ఆయనకు పసుపునీళ్ల సంగతి తెలియదు. తెలిసిందల్లా పన్ను సంగతి. సొంతదారు తానేనని పదిమందిలో చెప్పే అవకాశం వచ్చింది.

“నాదమ్మా! అచ్చంగా నాది!”

“అయ్యో సార్, మీది కాదు!” అన్నాడు కోటాయన.

“నాది కాదా? సెల్లార్‌లో నాదన్నారు కదా మీరు?”

“అంటే... మీదే, కానీ ఇప్పుడు కాదు...”

వెనక నుంచి కళ్లజోడు కుర్రాడొకడు ముందుకు తోసుకొచ్చాడు. వాడి బూట్లు కొత్తవి, బ్యాగు కూడా కొత్తదే. “ఒక్క నిమిషం. ఎడమ చెవి మీద నల్లమచ్చ. ఇది మా బ్యాచ్ పొట్టేలు కదా!” ఫోన్ తీసి సెల్ఫీ చూపించాడు. అదే మచ్చ, అదే చిన్నచూపు.

“మీ బ్యాచేంటండీ? ఇది మా భాగస్వామ్యానిది” అని ఇంకో పెద్దమనిషి. “మా ఆవిడ దీని నుదుట ముద్దు కూడా పెట్టింది!” అని మరొకాయన. ఆ ముద్దుకు సాక్ష్యంగా ఆయన దగ్గర కూడా ఫొటో ఉంది.

పెద్దమ్మ బోనం కదలకుండా మెడ మాత్రం తిప్పి అందరినీ చూసింది. “ఇదేంది అయ్యా? ఒక్క యాటకు గిన్ని ఇంటిపేర్లా?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. చైర్మన్ నెమరు వేసుకుంటోంది. పెద్దమ్మకు విసుగొచ్చింది. “నెత్తి మీద బోనమున్నది, జల్ది తేల్చుండ్రి. గీ పాగా అయ్యదేనా? పొయ్యమంటరా?” అని చెంబు వంచింది. ధార అంచు దాకా వచ్చింది.

“వద్దమ్మా! నీ కాళ్లు పట్టుకుంటా వద్దు!” కోటాయన గొంతు డప్పులను మించి లేచింది. “మాకున్నదే ఇదొక్కటి!”

డప్పులు ఆగలేదు, అవి ఎందుకు ఆగుతాయి? మా మధ్య మాత్రం అంతా ఆగిపోయింది.

“ఒక్కటేంటి?” అన్నారు సార్. “మరి గొర్రెలు? ఆ మంద?”

“వస్తాయి సార్. సొమ్ము కట్టగానే కొంటాం.”

“వీడియోలో కొండ దిగుతున్నవో?”

కోటాయన కోటు బొత్తాం విప్పాడు. ఆ మనిషి కోటు బొత్తాం విప్పడం నేను చూడ్డం అదే మొదటిసారి. “ఎవరివో సార్. రోడ్డు దాటుతుంటే తీశాం.”

సార్ పాగా తీసి చేత్తో పట్టుకున్నారు. అమ్మ సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. ఎల్లమ్మకే చెప్పుకుంటున్నారో, కనకదుర్గకే చెప్పుకుంటున్నారో నాకు వినపడలేదు.

పెద్దమ్మ చెంబు దించేసింది. “ఇంటిపేరు తెల్వని యాటను అమ్మ తీస్కోదు. ఎవలదో తేలినంక తోల్కరాండ్రి, అప్పుడు వోద్దం” అని ముందుకు సాగిపోయింది.

భాగస్వాములు కోటాయన చొక్కా పట్టుకుందామని చెయ్యి చాపారు. కానీ అంతలో వెనక నుంచి డప్పుల గుంపు వచ్చి మీద పడింది. బోనాల గుంపు ఒకసారి లోపలికి తీసుకుందంటే ఎగరకుండా బయటికి వదలదు. మేం చూస్తుండగానే కోటాయన రెండు చేతులూ పైకెత్తి ఎగురుతూ అమీర్‌పేట వైపు కొట్టుకుపోయాడు. మొహం ఏడుస్తోంది, భుజాలు మాత్రం తాళం తప్పలేదు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ చూడలేదు. పంజాగుట్ట ఆఫీసు షట్టర్ మళ్లీ లేవలేదు. అంత బాగా ఎగురుతాడని ముందే తెలిస్తే నేను ఆయనకు ఇంకో కాగితం ఇచ్చేవాణ్ని, డ్యాన్సు క్లాసులది.

తాడు ఇంకా నా చేతిలోనే ఉంది. కంపెనీ పోయింది కాబట్టి నా ఉద్యోగమూ పోయినట్టే. “సార్, జర వట్టుండ్రి” అని తాడు ఆయన చేతిలో పెట్టాను. మిగిలిన భాగస్వాములు చైర్మన్‌ను చూశారు, దాని కొమ్ములను చూశారు, తమ ఫ్లాట్లలో లిఫ్టులు తలుచుకున్నారు, ఒక్కొక్కరే జారుకున్నారు. ఇందాక అందరిదీ అయిన పొట్టేలు ఇప్పుడు ఎవరిదీ కాదు. సార్ కాసేపు దాన్ని చూశారు, అది కాసేపు సార్‌ను చూసింది.

“బయానాకు ఇదొచ్చిందోయ్” అన్నారు చివరికి.

అంటూనే ఆయనకు నవ్వొచ్చింది. ముందు ముక్కులో, తర్వాత పొట్టలో, ఆ తర్వాత నడిరోడ్డు మీద పొట్టేలు వీపు పట్టుకుని. అమ్మ కళ్లు తెరిచి, ఆయన నవ్వడం చూసి, సంచి దించి తానూ నవ్వారు.

సోమవారం పొద్దున అమ్మ పట్టుచీర కట్టుకుని సార్‌ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లారు. డిపాజిట్ మళ్లీ అక్కడే పడింది. నాకు పెసరట్టు మీద అల్లం పచ్చడి గరిటెడు పడింది. మార్చి వచ్చినప్పుడు సార్ మెడ మీద నరం లేచింది, పాత ఆడిటర్‌నే పిలిచారు, పన్ను కట్టారు. కట్టిన రోజు కింద సెల్లార్‌లో చైర్మన్‌కు చాలాసేపు ఏదో చెప్పుకున్నారు. అది నెమరు వేస్తూ విన్నది. ఆ విషయం అంత ఓపికగా ఆయన దగ్గర ఇంతవరకూ ఎవరూ వినలేదు.

చైర్మన్ ఇప్పుడు మా సెల్లార్‌లోనే ఉంటోంది. సార్ పాత పేపర్లు తింటుంది. ముఖ్యంగా బిజినెస్ పేజీలంటే ఇష్టం. దానికి ఉన్న గండమల్లా ఒక్కటే. పెద్దమ్మ మా గల్లీలోంచి వెళ్లినప్పుడల్లా గేటు దగ్గర ఆగుతుంది.

“తేలిందా అయ్యా? ఎవలింటిది?”

“ఇంకా తేలలేదమ్మా, చూస్తున్నాం” అంటారు సార్.

అచ్చంగా నాది అని బల్కంపేటంతా వినేలా అరిచిన మనిషి, ఆ మాట ఇక ఈ జన్మలో అనలేరు. అన్నారా, చెంబు వస్తుంది. మా బిల్డింగులో కార్లు కడిగేవాళ్లు కూడా పైపును ఆ మూలకు తిప్పరు. పొరపాటున తడిసి ఒళ్లు విదిలిస్తే, చూసినవాళ్లు ఊరుకుంటారా?

మొన్న ఆషాఢంలో ఉన్నట్టుండి వాన కొట్టింది. చైర్మన్ తాడు తెంచుకుని గేటు దగ్గర వేపకొమ్మ కోసం పోయి ఆరుబయట నిలబడింది. డాబా మీంచి చూస్తున్నాను. సార్ పంచె ఎగ్గట్టుకుని ఉరికొచ్చి గొడుగు తెరిచి దాని మీద పట్టారు. తాను నిలువునా తడుస్తున్నారు, అది మాత్రం పొడిగా ఉంది. అప్పుడే గేటు బయట పెద్దమ్మ ఆగింది.

“తడవకుండ పట్టినవంటే నీదే గద అయ్యా?”

సార్ ఇరుక్కుపోయారు. గొడుగు తీస్తే అది తడిసి విదిలిస్తుంది. గొడుగు పడితే అది ఆయనదవుతుంది. చైర్మన్ కూడా నమలడం ఆపి ఆయన మొహంలోకి చూసింది.

“నాది కాదమ్మా. మా ఇంట్లో అద్దెకుంటోంది.”

నేను డాబా పిట్టగోడ మీంచి వంగి అరిచాను, ఎలా ఊరుకుంటాను?

“సార్! కిరాయంటే పన్ను కట్టాలె!”